మతానికో కుర్చీ వేస్తే అది శాంతి కమిటీ కాదు

వినాయక చవితికి ఒక వారం ముందు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. "సార్, రేపు పదకొండింటికి పీస్ కమిటీ మీటింగ్, తప్పకుండా రావాలి." వెళ్తాం. ఫంక్షన్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో సోఫాలు, నాలుగు శాలువాలు, పేపర్ ప్లేట్లో రెండేసి సమోసాలు. గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ రిజిస్టర్ పట్టుకుని కూర్చుంటాడు. పేరు, ఫోన్ నంబరు, అడ్రసు, సంతకం. పోయినేడాది ఆ రిజిస్టర్లో స్కేలుతో కొత్తగా ఒక గడి గీసి, పైన "మతం / ప్రతినిధి" అని రాసి ఉంది. ఇదేంటని అడిగితే ఆ పిల్లాడు నవ్వాడు. "అదేం లేదు సార్, హిందూ ప్రతినిధి అని రాసేయండి."

నేను జిరాక్స్ షాపు నడుపుతాను. నన్ను హిందువులకు ప్రతినిధిగా ఎవరు ఎన్నుకున్నారు, ఎప్పుడు? గల్లీ సంగతి దేవుడెరుగు, మా ఇంట్లోనే నా మాట వినే హిందువులు లేరు. అయినా రాశాను. నా వెనక పంక్చర్ షాపు భాయ్ "ముస్లిం ప్రతినిధి" అని రాశాడు. ఆయన నమాజుకు వెళ్ళేది శుక్రవారమే, అదీ ఆ పూట గిరాకీ లేకపోతేనే.

ఆ గడి గురించి ఏడాదిగా ఆలోచిస్తూనే ఉన్నాను. హైదరాబాద్ పాతబస్తీని ఆనుకుని ఉన్న మా పేటలో గొడవలు పెరగకుండా చూసుకునే చిన్న గుంపు మాకొకటి ఉంది. పదకొండేళ్ళుగా నడుస్తోంది, మధ్యలో రెండుసార్లు దాదాపు చచ్చిపోయి మళ్ళీ లేచింది. దాని మినిట్స్ పుస్తకం మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉంది. షాపులో నోటుబుక్కులు దొరుకుతాయి కదా అని నాకంటగట్టారు. ఇన్నేళ్ళు రాసి రాసి నాకు ఒక్క విషయం మాత్రం గట్టిగా అనిపిస్తోంది. మతానికి ఒకరు చొప్పున కుర్చీలు వేసి కట్టిన శాంతి కమిటీ గొడవ వచ్చిన రోజు పనికిరాదు. పనికిరాకపోవడం ఒక్కటే అయితే ఫర్వాలేదు, కొన్నిసార్లు అదే గొడవకు పీట వేస్తుంది.

ఎందుకంటే, ఒక మనిషిని "నువ్వు మీ మతం తరఫున" అని కూర్చోబెట్టగానే ఆయన వకీలైపోతాడు. అప్పటిదాకా డ్రైనేజీ గురించి మాట్లాడిన మనిషి "మావాళ్ళు", "మీవాళ్ళు" మొదలుపెడతాడు. పాపం, ఆయన తప్పు కాదు. కుర్చీ ఆయనకు ఇచ్చిన పనే అది. తగ్గితే వెనక్కి వెళ్ళి ముఖం చూపించలేడు. మాకు దగ్గర్లో ఉన్న చర్చి పాస్టర్ గారిని కూడా ఈ మీటింగులకు పిలుస్తారు. ముగ్గురి ఫోటో అయితేనే నిండుగా ఉంటుందని పిలుస్తారని నా అనుమానం. ఆయన ఒకసారి చాయ్ తాగుతూ చెప్పారు: "ఆరేళ్ళలో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదండీ. ఒక్కసారి నేనే లేచి మా సందులో వీధి దీపం వెలగట్లేదని చెప్తే, ఇది ఆ మీటింగు కాదన్నారు."

వీధి దీపం వెలగకపోవడం శాంతి మీటింగు విషయం కాకపోతే మరేది అవుతుందో నాకైతే తెలీదు.

ఇక ఆ స్తంభం సంగతి చెప్పాలి. మా చౌరస్తాలో ఒక కరెంటు స్తంభం ఉంది. ప్రవక్త పుట్టినరోజు పండగ మిలాద్‌కు కట్టిన ఆకుపచ్చ జెండా పండగ అయిపోయాక కూడా దాని మీదే ఉండిపోయింది. ఎండకు వెలిసి, అంచులు పీలికలై, అది జెండా అని కూడా ఎవరికీ గుర్తులేని స్థితికి వచ్చింది. 2022 ఏప్రిల్లో హనుమాన్ జయంతి రంజాన్ నెలలో పడింది. జయంతికి నాలుగు రోజుల ముందు ఎవరో కుర్రాళ్ళు అదే స్తంభానికి, ఆ పీలిక కంటే ఒక జానెడు పైన, కాషాయం జెండా కట్టారు. తెల్లారేసరికి పీలిక పోయి కొత్త ఆకుపచ్చ జెండా వచ్చింది, కాషాయం కంటే ఇంకో జానెడు పైన. సాయంత్రానికి కాషాయానికి వెదురు కర్ర వచ్చింది. మర్నాటికి ఆకుపచ్చకు అంతకంటే పొడుగు కర్ర. రెండో రోజు రాత్రికి ఆ వెదుళ్ళు కరెంటు తీగల దాకా పోయాయి, గాలి వీస్తే తీగల్ని రాసుకుంటున్నాయి. కింద రెండు వైపులా కుర్రాళ్ళు బైకుల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నట్టు నటిస్తున్నారు.

తెలియనివాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది. మాకు నవ్వు రాదు. 2010 మార్చిలో పాతబస్తీలో కర్ఫ్యూ దాకా వెళ్ళిన గొడవ మూసాబౌలీ దగ్గర ఇలాంటి జెండాల తగువుతోనే మొదలైంది. అంతకు ముందు 1990 డిసెంబర్ చూసినవాళ్ళు మా పేటలో ఇంకా ఉన్నారు. ఆ నెల మత ఘర్షణల్లో ఈ ఊళ్ళో వందమందికి పైగా చచ్చిపోయారు, ముఖ్యమంత్రి కుర్చీ కూడా కదిలింది. మా అమ్మ ఇప్పటికీ బియ్యం డబ్బాలో పది రోజులకు సరిపడా ఎప్పుడూ ఉంచుతుంది.

తెల్లవారుజామున మూడున్నరకు పంక్చర్ భాయ్ నాకు ఫోన్ చేశాడు. సహరీకి, అంటే రంజాన్ ఉపవాసానికి ముందు తినే భోజనానికి లేచాడు, చౌరస్తాలో మనుషులు పెరుగుతున్నారని చూశాడు. నేను వెళ్ళేసరికి పాలబూత్ అక్క షటర్ ఎత్తింది. పాల వ్యాను నాలుగింటికి వస్తుంది కాబట్టి ఆ వేళకు ఆవిడ రోజూ మేలుకునే ఉంటుంది. ఆ బూత్ ముందే మీటింగ్ పెట్టాం. అందరం కలిపి ఏడుగురం. ఒక్క మత పెద్దా లేడు. పిలవకూడదని కాదు, ఆ టైముకు మేలుకుని చౌరస్తాకు నడిచి రాగలిగినవాళ్ళం మేమే.

కాషాయం కర్ర కట్టినవాళ్ళలో ఒకడు పాలబూత్ అక్క చెల్లెలి కొడుకు. ఆవిడ పాల ట్రేలు దింపుతూ దింపుతూనే వాణ్ణి పిలిచి, "రేయ్, ఆ కర్ర తీగలకు తగిలి నువ్వు మాడిపోతే మీ అమ్మకు నేనేం చెప్పాలిరా" అంది. మతసామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. రెండో వైపు కుర్రాడి బండికి ఆ నెలలో మూడుసార్లు ట్యూబు అతికి, డబ్బులు తర్వాత ఇద్దువులే అన్నది పంక్చర్ భాయే. వాడు భాయ్ ముఖం చూసి తల దించుకున్నాడు. జెండాలు దించడానికి ఒప్పుకున్నారు. కానీ ముందు ఎవరు దించాలి? దాని మీద ఇరవై నిమిషాలు నడిచింది. "వాళ్ళది ముందు." "కాదు, వాళ్ళే ముందు కట్టారు, వాళ్ళే ముందు తియ్యాలి." చివరికి టైలర్ చాచా అన్నాడు, ఇద్దరూ ఒకేసారి ఎక్కండ్రా అని. నిచ్చెన ఒకటే ఉంది, పెయింట్ షాపుది. టెంట్ హౌస్ ఆయన్ని నిద్రలేపి రెండోది తెచ్చాం. ఆయన తిట్టుకుంటూనే ఇచ్చాడు. స్తంభానికి చెరోవైపు రెండు నిచ్చెనలు వేసి, ఇద్దరు కుర్రాళ్ళు ఒకేసారి ఎక్కి ఎవరి జెండా వాళ్ళు విప్పి, మడతపెట్టుకుని కిందికి దిగారు. దిగాక ఒకడు ఇంకొకడికి చెయ్యి ఇచ్చాడని రాస్తే బాగుండేది. అలాంటిదేం జరగలేదు. ఇద్దరూ చెరోదారి పట్టి వెళ్ళిపోయారు. ఫజర్ అజాన్ అయింది, పాల ప్యాకెట్ల కోసం జనం వచ్చారు.

పుస్తకంలో ఆ రోజు ఇలా ఉంది: "15-4-2022, ఉదయం 4:10. హాజరు: ఏడుగురు. విషయం: స్తంభం. తీర్మానం: ఎవరి జెండా వాళ్ళే దింపాలి, వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. పండగ అయిన మూడో రోజుకు అన్నీ దిగాలి. నిచ్చెనలు: రెండు (ఒకటి వాపసు ఇవ్వాలి)."

ఆ రూలు ఇప్పటికీ నడుస్తోంది. మా దగ్గర ఉన్న నియమావళిలో ఇంతకంటే గొప్ప వాక్యం ఇంకోటి లేదు.

ఇదేదో మేం కనిపెట్టామని చెప్పుకోవడం లేదు. మహారాష్ట్రలో భివండీ అనే మరమగ్గాల ఊరు ఉంది. 1970లోనూ 1984లోనూ మత ఘర్షణల్లో ఘోరంగా తగలబడింది. 1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే వాడవాడకూ మొహల్లా కమిటీలు పెట్టించాడు. లీడర్ల కోసం చూడలేదు, ఆ వాడలో రోజూ తిరిగే మామూలు మనుషుల్ని తీసుకున్నాడు. 1992 డిసెంబర్, 1993 జనవరి నెలల్లో పక్కనే ఉన్న బొంబాయి అల్లర్లలో, వాటిని విచారించిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారమే 900 మంది పోయారు. భివండీ మాత్రం ఊపిరి బిగపట్టుకుని గట్టెక్కింది. ఆ తర్వాతే బొంబాయిలో పోలీసు అధికారులుగా పేరున్న రిబేరో, సాహ్నీ, సామాజిక కార్యకర్త సుశోభా బర్వే లాంటివాళ్ళు అక్కడా మొహల్లా కమిటీలు మొదలుపెట్టారు. భివండీ పద్ధతి మీద నాకూ ఒక అభ్యంతరం ఉంది. అది ఒక మంచి ఆఫీసరు పెట్టింది. ఆఫీసరు బదిలీ అవుతాడు. వచ్చే ఆయన మంచివాడో కాదో ముందే తెలీదు.

అశుతోష్ వార్ష్‌ణేయ్ అనే రాజనీతి శాస్త్ర ప్రొఫెసర్ మన దేశంలో ఆరు ఊళ్ళను జతలుగా పోల్చి చూశాడు. అలీగఢ్‌కు కోళికోడ్, హైదరాబాద్‌కు లక్నో, అహ్మదాబాద్‌కు సూరత్. ఆయన తేల్చింది ఏమిటంటే, పండక్కి సేమియా పంపుకోవడం, పెళ్ళికి వెళ్ళడం పల్లెకు సరిపోతుంది కానీ పట్నానికి సరిపోదు. రెండు మతాలవాళ్ళూ కలిసి ఉన్న వ్యాపార సంఘం, యూనియన్, క్లబ్బు లాంటివి ఉన్న ఊళ్ళే నిలబడ్డాయి. లక్నోలో చికన్ ఎంబ్రాయిడరీ వ్యాపారం (తినే చికెన్ కాదండీ) హిందూ వ్యాపారులు, ముస్లిం పనివాళ్ళు కలిస్తేనే నడుస్తుంది. గొడవ జరిగితే ఇద్దరికీ నష్టం. మన ఊరికి జతగా పెట్టిన లక్నో ఎందుకు ప్రశాంతంగా ఉందో, హైదరాబాద్ ఎందుకు లేదో చదువుతుంటే నాకు మా స్తంభమే గుర్తొచ్చింది. పాలూ పంక్చరూ కూడా వ్యాపారాలే కదా. మన ఊళ్ళోనే సుల్తాన్‌షాహీలో మతాల మధ్య సయోధ్య కోసం పనిచేసే హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అమన్ శాంతి అనే కేంద్రం నడిపారు. అక్కడికి ఆడపిల్లలు వచ్చేది కుట్టుపని నేర్చుకోవడానికి. అలా పక్కపక్కన కూర్చుని బాబిన్ చుట్టుకునేవాళ్ళకు ఎవరు ఎవరి ప్రతినిధి?

ఇక్కడ నా వాదనకు ఎదురుదెబ్బ తగిలే చోటు ఉంది, దాచను. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు కూర్చుని మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి జరుపుకున్నారు. మరుసటి ఏడాది కూడా వాయిదా వేసుకున్నారు. ఆ పని జిరాక్స్ షాపువాడు చెయ్యలేడు, పాలబూత్ అక్కా చెయ్యలేదు. ఊరేగింపు ఎవరిదో ఆ తేదీ వాళ్ళ చేతిలో ఉంటుంది, వాళ్ళ పెద్దలే మార్చగలరు. మార్చారు, దానికి చెయ్యెత్తి దండం పెట్టాలి. కాబట్టి మత పెద్దలు వద్దు అనడం లేదు నేను. తేదీ, రూటు, మైకు టైము వాళ్ళ దగ్గర తేల్చుకోవాలి. రాత్రి మూడింటి పుకారు వాళ్ళ చేతిలో లేదు. ఈ రెంటినీ ఒకే కమిటీకి అప్పగించడమే పొరపాటు.

మాటలో మాట, ఈ తేదీల సంగతి ముందే లెక్క వేసుకోవచ్చు. ముస్లింల హిజ్రీ సంవత్సరానికి 354, 355 రోజులు. మనదీ చంద్రుణ్ణి పట్టి నడిచేదే కానీ మధ్య మధ్య అధికమాసం వేసి సర్దుకుంటుంది. అందుకే ఒకసారి రెండు నెలలు జతపడ్డాయంటే, మళ్ళీ అధికమాసం వచ్చి విడదీసేదాకా రెండు మూడేళ్ళు పక్కపక్కనే నడుస్తాయి. తొలి ఏకాదశి, మొహర్రం పదో రోజు 2024లో జూలై 17న, 2025లో జూలై 6న, రెండేళ్ళూ ఒకే రోజు వచ్చాయి. బోనాల ఘటానికి ఏనుగు కావాలి, డబీర్‌పురా నుంచి బయల్దేరే మొహర్రం ఊరేగింపు బీబీ కా ఆలంకూ ఏనుగు కావాలి, ఊళ్ళో ఏనుగు దొరక్క పక్క రాష్ట్రం నుంచి తెప్పించాల్సిన పరిస్థితి. ఏనుగుకు ఏ గడిలో సంతకం పెట్టిస్తారో కానిస్టేబుల్‌ని అడగాలి. మేం ప్రతి ఉగాదికి పంచాంగం, ఇస్లామిక్ క్యాలెండరు పక్కపక్కన పెట్టుకుని ఏ వారాల్లో మెలకువగా ఉండాలో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుంటాం. ఏడాదిలో మాకు అన్నిటికంటే పనికొచ్చే మీటింగు అదే.

మేం చేసిన పెద్ద తప్పు రిజిస్ట్రేషన్. స్తంభం సంగతి నలుగురికీ తెలిశాక మాకు కాస్త పేరొచ్చింది. సంఘంగా నమోదు చేసుకుంటే విరాళాలు వస్తాయి, ఆఫీసుల్లో మాట చెల్లుతుంది అని ఒకాయన పట్టుబట్టాడు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. మాకున్నది కూడా ఆ ఏడుగురే, దైవ సంకల్పం అనుకున్నాం. కాగితం చేతికొచ్చిన రోజే అధ్యక్ష పదవి పుట్టింది. అప్పటిదాకా ఎవరికీ గుర్తుకురాని పదవి. లెటర్‌హెడ్, విజిటింగ్ కార్డు, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత సైజు. ఆ పదవి కోసం కొట్లాడుకున్న ఇద్దరూ ఒకే మతం వాళ్ళు, అది కూడా చెప్పాలి. దాంట్లోనే రంజాన్ షర్బత్‌కు వసూలైన 4,200 రూపాయల లెక్క తేలలేదు. ఎవరూ తినలేదు, రసీదులే లేవు. కానీ ఐదు నెలలు మీటింగు జరగలేదు. ఆ ఐదు నెలల్లో ఏమీ జరగకపోవడం మా గొప్ప కాదు, అదృష్టం.

తర్వాత కూర్చుని మళ్ళీ మొదటినుంచి రాసుకున్నాం. అధ్యక్షుడు లేడు. మూడు నెలలకొకరు మీటింగు పిలుస్తారు, గల్లీల వరసలో. చేతిలో ఐదు వేలకు మించి డబ్బు ఉండకూడదు, మించితే ఆ నెలే ఖర్చు పెట్టాలి లేదా తిరిగి ఇచ్చెయ్యాలి. పార్టీ పదవిలో ఉన్నవాళ్ళు వచ్చి వినొచ్చు, చెయ్యి ఎత్తకూడదు. చాయ్ ఎవరి జేబులోంచి వాళ్ళు. ప్రభుత్వానికి ఏటా ఇవ్వాల్సిన సభ్యుల జాబితా ఇవ్వడం మానేశాం, అది సరైన పని కాదని తెలుసు, ఎప్పుడో నోటీసు వస్తుంది. మీటింగు టైము కూడా మార్చాం. రాత్రి ఎనిమిదింటికి పెట్టినన్నాళ్ళూ పాలబూత్ అక్క తప్ప ఆడవాళ్ళు రాలేదు, మేమేమో వాళ్ళకు ఆసక్తి లేదనుకున్నాం. పిల్లలు బడికి వెళ్ళాక పొద్దున పదింటికి పెడితే తొమ్మిదిమంది వచ్చారు.

అన్నిటికంటే కష్టమైన రూలు ప్రకటనల గురించి. మా పేట హద్దు దాటిన విషయం మీద మేం ఖండనలు, ప్రకటనలు ఇవ్వం అని రాసుకున్నాం. దేశంలో ఎక్కడ ఏం జరిగినా దాన్ని తెచ్చి మా చౌరస్తాలో పంచాయితీ పెట్టుకుంటే ఆ నిచ్చెనలు మళ్ళీ దొరకవని మా భయం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు: "మన ముస్లిం సోదరులు దీన్ని ఖండించాలి." మంచివాడే, ఏడుస్తూ రాసి ఉంటాడు, అందరం ఏడ్చాం. టైలర్ చాచా చాలాసేపటికి జవాబు పెట్టాడు. "నేను వార్త చూసి అన్నం తినలేదు, నా మనవరాలికి తెలుసు. నీకు రసీదు కావాలా బేటా?" ఆ తర్వాత గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

నేను ఆ మెసేజ్ చూశాను. రూలు నేనే రాశాను, నా చేతి రాతే. "భాయ్, ఇక్కడ ఎవరూ ఎవరి మతానికీ జవాబుదారీ కాదు, చాచాను చాచాగానే చూద్దాం" అని ఒక్క లైను పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. ఆ రాత్రి అలా అంటే నన్నేమంటారో అని భయపడ్డాను. ముందు చెప్పిన కుర్చీ సంగతే ఇది. స్టేషన్ రిజిస్టర్లో ఉన్న గడి మా వాట్సాప్ గ్రూపులోకి ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. మనిషిని మతానికి ప్రతినిధిని చేశాక ఎక్కడో ఎవడో చేసిన ఘోరానికి కూడా ఆయనే సంజాయిషీ ఇచ్చుకోవాలి. చాచా తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేను రెండుసార్లు షాపుకెళ్ళాను, ఒకసారి ప్యాంటు పొట్టి చేయించుకునే వంకతో. ఆయన కొలత తీసుకున్నాడు, మాట్లాడలేదు. మూడోసారి వెళ్ళి నేరుగా తప్పు నాదేనని చెప్తే, "నువ్వు మినిట్స్ రాసేవాడివి, ఆ రోజుది కూడా రాయి" అన్నాడు. రాశాను. అది కూడా పుస్తకంలో ఉంది.

మరి గల్లీకి ఇద్దరు చొప్పున తీసుకుంటే అన్నీ సర్దుకుంటాయా అంటే, లేదు. నిజం చెప్పాలంటే 1990 తర్వాత చాలామంది ఇళ్ళు అమ్ముకుని "మనవాళ్ళు" ఉన్న వైపుకు వెళ్ళిపోయారు. మా పేటలో ఇప్పుడు నాలుగు గల్లీలు పూర్తిగా ఒక మతానివి, ఐదు ఇంకో మతానివి, కలిసి ఉన్నవి మూడే. గల్లీ లెక్కన కుర్చీ వేసినా అది దొడ్డిదారిన మతం కుర్చీయే అవుతోంది. అందుకని ఈ మధ్య పని లెక్క కూడా కలిపాం. ఆటో స్టాండు నుంచి ఇద్దరు, కూరగాయల బండ్ల నుంచి ఇద్దరు, బడి దగ్గర పిల్లల్ని తెచ్చి దించే తల్లుల్లో ముగ్గురు. ఆటో స్టాండువాళ్ళు అందరికంటే పనికొస్తున్నారు. ఏ మూల ఏం జరిగినా పది నిమిషాల్లో వాళ్ళకు నిజం తెలుస్తుంది, పుకారు కంటే ముందే. అందరికంటే ఎక్కువ పోట్లాడేదీ వాళ్ళే, సీరియల్ నంబరు గురించి.

ఈ ఏడాది చవితికి మళ్ళీ ఫోన్ వచ్చింది. అదే హాలు, అవే సోఫాలు. రిజిస్టర్లో గడి అలాగే ఉంది. ఈసారి నేను ఆ గడిలో "జిరాక్స్" అని రాశాను. పంక్చర్ భాయ్ నా రాత చూసి, ఏమీ అనకుండా "పంక్చర్" అని రాశాడు. పాలబూత్ అక్క పేరు రాసి, ఆ గడిలో "పాలు, పెరుగు" అని పెట్టింది. కొత్త కానిస్టేబుల్, ఇంకా మీసం సరిగ్గా రాని పిల్లాడు, రిజిస్టర్ తిప్పి చూసుకుని ఇబ్బందిగా ముఖం పెట్టాడు. "సార్, రిపోర్టు పైకి పంపాలి. ఎంతమంది వీళ్ళు, ఎంతమంది వాళ్ళు అని అడుగుతారు."

నేను సమోసా ప్లేటు తీసుకుని కూర్చుని వెనక్కి తిరిగి చూస్తే, ఆ అబ్బాయి మా పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ గడిలో పక్కకు, సన్నగా, పెన్సిల్‌తో హిం, ము, హిం అని రాసుకుంటున్నాడు.